లేని శుక్రవారం

మాతలేనా దగ్గర మూడొందల అరవయ్యారు అట్టలున్నాయి,
బిస్కెట్ డబ్బాల్లో, నెలకో డబ్బా.
ఫిబ్రవరి డబ్బా మూత బిగుసుకుపోయింది,
వెన్నకత్తితో తెరుస్తుంది.
పొద్దున ఆరున్నరకి, చర్చి గంట ఆగాక,
అపియా రేడియోలో రెండు నిమిషాలు ఆమెవి:
చరిత్రలో ఈ రోజు.

ఎక్కడో ఒక రాజు పుట్టాడు.
ఎక్కడో ఒక ఓడ మునిగింది.
ఎవరో ఏదో కనిపెట్టారు, పేరు ఇంకొకరికి దక్కింది.
ఇవి పుస్తకాల్లోంచి దించుకున్నవి, నల్ల సిరా.
నీలం సిరావి సొంతం:
సలేలోలోగా రేవులో మొదట ఐసు అమ్మిన తౌసీ పుట్టినరోజు,
తుఫాను రాత్రుల్లో లాంతరు పట్టుకెళ్లి
పదకొండు మందిని భూమ్మీద పడేసిన
మంత్రసాని లఫై వర్ధంతి.
రాజు పక్కనే చదువుతుంది,
గొంతు మార్చకుండా.

డిసెంబరు ముప్పై అట్ట తీసిన రోజు మాత్రం
ముందుగా ఓ గుక్క నీళ్లు తాగుతుంది.

ఆ ఏడు, రెండువేల పదకొండు,
సమోవాలో జనం గురువారం రాత్రి పడుకుని
శనివారం పొద్దున లేచారు.
నిద్రమత్తు కాదు, సర్కారు ఉత్తర్వు.
తారీఖుల గీతకి అటున్న దేశం ఇటు దాటింది,
లవాలవా మోకాళ్లదాకా ఎత్తి పిల్లకాలవ దాటినట్టు.
సిడ్నీ సోమవారం, తమ సోమవారం ఒకటవ్వాలని.
శుక్రవారం ఆ కాలవలో జారిపడింది.

పంచాంగంలో క్షయతిథి ఉంటుంది,
ఏ సూర్యోదయాన్నీ చూడకుండా చెల్లిపోయేది.
ఇది దానికన్నా బీదది.
దీనికి రాత్రి కూడా లేదు.

ఫోన్లు వచ్చాయి.
"మా ఫేతూకి ఆ రోజు ఎనిమిది నిండాలి.
నిండినట్టా, లేదా? కొవ్వొత్తులెన్ని పెట్టను?"
రేవులో మూటలు మోసే పెనితాలా నవ్వాడు:
"బతికిన రోజులకి కోతలు,
బతకని రోజుకి నిండుకూలీ!"
గోతులు తవ్వే ఇలాలియో స్టేషన్‌కే వచ్చాడు,
గుమ్మం బయట చెప్పులు విడిచి.
"రాసుకో అమ్మా. ఆ రోజు ఈ దేశంలో
ఎవరికీ నూకలు చెల్లలేదు.
ఎవడూ పెళ్లాం మీద చెయ్యెత్తలేదు.
ముప్పయ్యేళ్లలో నా పార అరగని రోజు
అదొక్కటే."

సియెని మాత్రం ఫోన్ చెయ్యలేదు.
మార్చిలో వచ్చింది, తడిసిన గొడుగుతో.
బుధవారం సాయంత్రం డాక్టరు తన తనియేలుకి
రెండు రోజులే అన్నాడట.
శనివారం తెల్లారాక పోయాడు.
"కాగితం మీద మూడు రోజులు బతికాడు,
నేను మంచం పక్కన కూచున్నవి రెండే.
ఆ మూడోది ఎవరి దగ్గరుంది?"
మాతలేనా ఆమెకి వేడి కోకో ఇచ్చింది.
ఇంకేం ఇవ్వగలదు?

జులై డబ్బాలో ఒక అట్టకి రెండు ముఖాలూ నిండి ఉన్నాయి.
పద్ధెనిమిది వందల తొంభై రెండులో
వర్తకుల కోసమే, అటువైపుకి దాటినప్పుడు,
నాలుగో తారీఖు రెండుసార్లు వచ్చింది.
రెండు సోమవారాలు, ఒకదాని వెనక ఒకటి.
మాతలేనా ముత్తవ్వ పుట్టింది ఆ నాలుగునే.
మొదటిదో రెండోదో తెలిసినవాళ్లు మట్టిలో ఉన్నారు.
బ్యాంకు గుమస్తా అంటాడు: "లెక్క సరిపోయింది.
నూట పందొమ్మిదేళ్లు, వడ్డీ లేని అప్పు."
సరిపోయిందిలే.
తిన్నది ముత్తవ్వ,
కట్టింది తనియేలు.

అరగంట విమానం దూరంలో, పాగో పాగోలో,
ఆ శుక్రవారం మామూలుగానే తెల్లారింది.
అక్కడ బట్టలు ఆరేశారు, చేపలు తోమారు.

ఏటా ముప్పయ్యో తారీఖున ఆమె చదువుతుంది.
రాజులు, ఓడలు, నీలం సిరా పేర్లు.
రెండువేల పదకొండు అంటుంది.
ఆగుతుంది.
ఏడు సెకన్లు, చేతిగడియారం చూసుకుంటూ.
ఎక్కడో ఒక వంటింట్లో బ్యాటరీలు అయిపోయాయనుకుని
ఎవరో సెట్టు నెత్తిన ఒక్కటిస్తారు.
స్టూడియో కిటికీ సరిగ్గా మూయదు,
కోడి కూత వినిపిస్తుంది.
ఆ రోజు కూయని కోడి కాదు,
దాని మనవడో మునిమనవడో.

తర్వాత వాతావరణం.
ఉత్తరాన జల్లులు.
పడవలవాళ్లు సాయంత్రానికి తిరిగి రావాలి.