రెండు వేళ్ళ చప్పుడు

నాన్న కంటి పొర తీయించిన పదకొండో రోజు
సిరిపురంలో మూడంతస్తులెక్కి
ఎర్ర కాగితపు లాంతర్ల కింద ఆరుగురం కూర్చున్నాం.
దీపాలే తక్కువ ఆ గదిలో,
అయినా నల్లద్దాలు తీయనన్నాడు.
కిటికీలోంచి దూరంగా
లోపలికి పిలుపు రాని ఓడలు, నీళ్ళ మీద చుక్కలు చుక్కలుగా.

బల్ల మీద ఇంకో బల్ల తిరుగుతోంది.
లోహిత ఒక్క తోపు తోస్తే
కారం గిన్నె వచ్చి అమ్మ ముందు ఆగింది.
"గానుగలాగుంది," అంది అమ్మ.
"ఎద్దేదీ?"

స్టీల్‌ప్లాంటులో నైట్ షిఫ్టు తప్ప
మరే సాహసమూ ఎరగని తమ్ముడు
ఈ పూట వేలు పడిన చోటల్లా ఆర్డరిచ్చాడు.
రొయ్యలవి, పుట్టగొడుగులవి,
ముల్లంగి కేకు, పీత బన్ను, నల్లగుడ్డు,
"ఇంకోటేదో ఉంది, నోరు తిరగట్లేదు, అదీ తెండి."

వెదురు బుట్టలు ఒకదాని నెత్తిన ఒకటి వచ్చాయి.
మూత తీయగానే ఆవిరి అద్దాల్ని కమ్మేసింది.
అప్పుడు తీశాడు.
కొత్త కన్ను చూసింది రొయ్యని.
పల్చటి పిండి తెర వెనక
గులాబీ రంగులో ముడుచుకుని పడుకున్న రొయ్యని.

"కుడుమే కదేటి," అంది అమ్మ.
"కాదు. మడతలు నెక్కెట్టు. పదికి తగ్గకూడదు."

స్పూన్ల కోసం తమ్ముడు చెయ్యెత్తేలోపు
నాన్న రెండు పుల్లలు తీసుకున్నాడు.
బల్ల మీద ఓసారి తట్టి కొసలు సమం చేశాడు.
చొక్కా గుండీ దగ్గర తడబడే వేళ్ళు
రొయ్యని చిట్లకుండా ఎత్తి
క్రేను దించినట్టు
లోహిత ప్లేటులో దించాయి.

టీ పోస్తున్న కుర్రాడిది మణిపూరట.
నాన్న మాట్లాడలేదు.
రెండు వేళ్ళు మడిచి బల్ల మీద తట్టాడు,
టక్ టక్.
"ఏం కావాలి సార్?"
"ఏం వద్దు బాబూ. అక్కడ థ్యాంక్స్ అంటే ఇదే."

అక్కడ.
ఇరవై రెండేళ్ళు ఓడల్లో సరంగుగా చేసిన మనిషి
ఇంటికి తెచ్చినవి ఓ ఫ్లాస్కు, రెండు నైలాన్ చీరలు,
ఎన్నడూ నడవని గడియారం.
ఆ మాటని మాత్రం ఏ పెట్టెలోంచీ తీయలేదు.

అమ్మ పుల్లల వంకే చూస్తోంది.
"ఎవులు నేర్పినారు?"
"హాంకాంగులో ఇంజను పాడై ఓడ నలభై రోజులు ఆగిపోనాది.
రేవు పక్క హోటల్లో ఓ ముసిల్ది.
ముల్లంగి తరిగిపెడితే కూడెట్టేది."
"ముసిల్దేనా?"
"డెబ్బయ్యుంటాయే."
"అప్పుడా, ఇప్పుడా?"
నవ్వు ఆపుకోలేక హైమ నీళ్ళు తాగింది.

అప్పుడొచ్చింది, నోరు తిరగనిది.
ఎర్రటి పులుసులో కోడికాళ్ళు.
లోహిత కుర్చీ వెనక్కి జరిపింది.
తమ్ముడు మూత పెట్టబోతే
అమ్మ వాడి చెయ్యి పట్టుకుంది.

ఆదివారం కూరలో
లెగ్గులు మా ఇద్దరికీ, కందనకాయ నాన్నమ్మకీ,
మంచి ముక్కలు ఎవరొస్తే వాళ్ళకీ.
గిన్నె అడుగున మిగిలే ఈ కాళ్ళని
పొయ్యి దగ్గర గోడకానుకుని చీకే అమ్మని
ఎన్నేళ్ళు చూశానో.
ఆ లెక్క ఇప్పుడు నా గొంతులో అడ్డం పడింది.

"ఎంతరా ఇది?"
"మూడొందల ఎనభై."
ఓ కాలు చేత్తోనే తీసింది.
వేళ్ళు ఒక్కొక్కటీ విరిచి,
చిట్టి ఎముకలు ప్లేటు అంచున పేర్చుకుంటూ
తీరుబడిగా తింది.
"బాగుంది. అల్లం సాల్లేదు."
రెండోది తీసుకుంటూ నా మొహం చూసింది.
"నిజంగా ఇష్టమేనే నాకు. ఏటలా సూత్తావు?"

నల్లగుడ్డు ఎవరూ ముట్టలేదు.
"అది నాకూ పడదు," అన్నాడు నాన్న.
అందరి ముందూ ఆగుతూ, సాగుతూ
గుండ్రంగా తిరుగుతూనే ఉంది.

చివర్లో కెటిల్ తనే అందుకుని
అమ్మ కప్పు నింపాడు నాన్న.
పులుసంటిన రెండు వేళ్ళు మడిచి
అమ్మ బల్ల మీద తట్టింది,
టక్ టక్.
కాసేపాగి ఇంకోసారి, టక్.

"ఇది ఆ ముసిల్దానికి," అంది.