వంకాయ రంగు

జుట్టున్నమ్మ ఏ కొప్పైనా పెడుతుందంటారు.
జుట్టు కొబ్బరిపీచైపోయిన అమ్మ
ఏం పెడుతుందో ఎవరూ చెప్పరు.
కుతాయిసిలో నాజీబ్రోలానడిగితే
ముందు పొయ్యి మీద నీళ్లు పెడతానంటుంది.

సోమవారం. రొట్టెల బట్టీకి సెలవు.
ఆరు రోజులు నడుం దాకా వంగి
నిప్పుల బావి గోడకి పిండి అంటించింది.
రుమాలు కట్టుకున్నా సెగ ఊరుకోదు,
ముందు ముంగురులు తిని
తర్వాతే రొట్టె కాలుస్తుంది.

ఆ పైన మూడు నెలలకోసారి రంగు.
సంతలో డబ్బా తొమ్మిది లారీలు.
అక్కడ డబ్బు పేరే అది, నవ్వకండి.
పెట్టె మీది అమ్మాయికి దానిమ్మ గింజలా మెరిసింది
ఈమె తలకెక్కేసరికి వంకాయ.
ఆ వీధిలో యాభై దాటిన ఆడవాళ్లందరిదీ అదే పంట,
ఒకే మడిలో కాసినట్టు
బస్సు కోసం వరసగా నిలబడతారు.

సెలూన్లో కెరటిన్ పట్టిస్తే రెండు వందలు.
చలికాలం గ్యాసు బిల్లూ అంతే.
కాబట్టి మత్సోని.
పెరుగే, కాస్త మొండి పెరుగు.
ఇంటిల్లిపాదీ తిన్నాక
సీసా అడుగున మిగిలిన రెండు గరిటెలు ఆమె వాటా.
అందులో చెంచాడు పొద్దుతిరుగుడు నూనె
గింజ వాసన ఇంకా పోనిది.

గిన్నెలో కలుపుతుంటే తలుపు చప్పుడు.
పై అంతస్తు కేసారియా,
పంతొమ్మిదేళ్లు, తలకి తువ్వాలు.
తువ్వాలు తీస్తే
బ్లీచు తాగి తాగి
తడిస్తే సాగుతూ, ఆరితే విరుగుతూ,
నీలమూ కాదు పచ్చా కాదు
పాచి పట్టిన కుళాయి రంగు.
"కత్తెరుందా అత్తా?"

నాజీబ్రోలా కత్తెర వెతకలేదు.
గిన్నెలోకి చూసింది. రెండు తలలకి చాలదు.
తన తల తడిమి చూసుకుంది.
పిల్లని స్టూలు మీద కూచోబెట్టింది.

"కొసల నుంచి మొదలెట్టాలి.
మాడుకెప్పుడూ ఏదో ఒకటి అందుతూనే ఉంటుంది,
ఆకలంతా కొసలదే."
చిక్కులకి ముందు వేళ్లు, తర్వాతే దువ్వెన,
అదీ పళ్లూడినది.
ఊడిన పళ్లే దాని మంచితనం.
పాత చొక్కా చుట్టి నలభై నిమిషాలు.
ఆలోగా టీ.
ఆలోగా కింద ఎవరో
కారు కదలక దాని అమ్మనీ అక్కనీ తిట్టడం.

నీళ్లు నులివెచ్చగా, వేడిగా కాదు.
ఆఖరి చెంబులో మూతెడు ద్రాక్ష వెనిగర్.
"ఊరగాయ వాసనొస్తోంది."
"ఆరితే పోతుంది. పోకపోతే రొట్టె తెచ్చుకుందాం."
పిల్ల అప్పుడు నవ్వింది, ముక్కు కారుతుండగానే.

"బతుకుతాయా ఇవి?"
"లేదు. చచ్చిన జుట్టు చచ్చిందే.
కొత్తది వచ్చేదాకా
దీన్ని విరక్కుండా బతిమాలుకోవడమే.
నెలకి అర అంగుళం. లెక్కేసుకో."

లెక్కేసుకుంటున్న పిల్లని గుమ్మంలో ఆపి
తన తలగడ గలీబు ఊడదీసింది.
పట్టుది.
మిల్లు మూసిన ఏడాది
రెండు నెలల జీతం కింద
తానులోంచి ముక్క కోసి చేతిలో పెట్టారు.
అమ్మబోతే కొనేవాళ్లు లేరు
అందరి చేతుల్లోనూ అదే ముక్క.
"నూలు గుడ్డ రాత్రంతా జుట్టుని పీక్కుతింటుంది.
దీని మీద పడుకో. వారం.
సోమవారం తిరిగిచ్చెయ్యాలి, ఉతికి."

మెట్ల మీద అడుగులు పైకి పోయాక
గిన్నె అంచుల్ని వేలితో గీకింది.
ముంగురుల దాకా వచ్చింది. ఒక పక్కకే.

మంగళవారం తెల్లారకముందే, నాలుగింటికి,
చీకట్లో రుమాలు బిగించుకుంది.
రుమాలు కింద
వంకాయ తొడిమ దగ్గర
అర అంగుళం తెలుపు.