ఒక్క మెట్టు ఎనుకకు

సల్మాబాద్‌ల గ్యారేజీల ఎనుక మా రూము.
ఆరు మంచాలు, ఒక కిటికీ ఏసీ.
దాని కంప్రెషర్ నేనే మార్చిన,
రాత్రంత ఒకటే శ్రుతి పట్టుకోని మూలుగుతది.

బుదైయా దిక్కు ఒక విల్లాల గ్యాసు నింపబోతె
ఇల్లు ఖాళీ చేస్తున్న తెల్లాయన
చెత్తడబ్బ పక్కన నిలవెట్టిండు దీన్ని:
జల్లెడకు పొడుగు మెడ అతికినట్టు
ఒక బాంజో.
నాలుగు తీగలు మంచిగున్నయ్.
అయిదోది పొట్టిది, మెడ సగంల మొదలైతది,
నడిమిట్ల బండెక్కినోని లెక్క.
అది తెగి ఉండె. మనామాల గిటారు తీగ కొని ఏసిన.

పక్క రూము రోడెల్‌కు గిటారొస్తది.
చెవి ఆనిచ్చి, బిరడలు తిప్పి తిప్పి
"ఊకె గోకు" అన్నడు.
గోకిన.
ఏ వేలూ ఆనకుంటనే నవ్వింది.
దీన్ని గిట్లనే కట్టిండ్రట,
ముట్టకుంటె మేజర్.
"ఏడిపియ్యాల్నంటె నొక్కాలె.
దాన్ని మైనర్ అంటరు."

మైనర్.
ఆ మాట నాకెరికే.
జగిత్యాల బస్టాండు ఎదురుంగ, మేడ మీద,
ఏజెంటు రాజలింగం పెన్ను మూత కొరుక్కుంట
"మైనరువిరా, ఎట్ల పోతవ్" అని
నా పుట్టిన ఏడుల
ఒక్క అంకె దిద్దిండు.
విమానమెక్కిన పొద్దు
నాకు పదిహేడు, కాయితానికి ఇరవై.
ఇప్పటికీ నాకన్న మూడేండ్లు పెద్దది
నా పాస్‌పోర్టు.

ఈ-మైనర్ అల్కగ దొరికింది.
రెండో మెట్టు మీద అటు కొస తీగ, ఇటు కొస తీగ,
నడిమి రెండు ఇడిసిపెడితె చాలు.
మొగులు వట్టినట్టయితది.
వాన మాత్రం రాదు,
గీ దేశం మొగులు లెక్కనే.

ఏ-మైనరే సతాయించింది.
నాలుగు తీగలు రెండో మెట్టు మీద అడ్డంగ నొక్కితె
ఏ-మేజర్.
అందుల ఒక్కదాన్ని
ఒక్క మెట్టు ఎనుకకు జరిపితె, గదే.
చెప్పుడు గింతే.
చేసుడుకు నాలుగు వేళ్లు గావాలె.
రాగి పైపులు వంచి వంచి
మూడు వేళ్లకు కాయలున్నయ్.
చిటికెన వేలుకే
పదమూడేండ్ల సంది ఏ పనీ చెప్పలే.
తీగ మీద ఆనంగనే
సీసల చిక్కిన ఈగ తీరు గుంయ్యిమన్నది.
నెల రోజులు గుంయ్యిమన్నది.
ఆగస్టు ఉక్కకు బాంజో తోలు సడలింది,
వేలు కొస బొబ్బెక్కి పగిలింది,
ఫ్యాను మోటరు బోల్టు తిప్పంగ మంట వుట్టింది.

పండుకునేటోళ్లుంటరు గదా,
ఎన్క తువ్వాల కుక్కి వాయించేది.

మొన్న శుక్కురారం, తెల్లారక ముందు
చిటికెన వేలు నిలవడ్డది.
నాలుగు తీగలు ఒక్కతీరుగ పలికినయ్.
పొట్టి తీగ అందుల కలువదు,
అయినా మోగింది.
ఏసీ మూలుగు కింద చాప వరిసింది.

కింది మంచం ఎల్లేశం
దుప్పటి మొకం మీదికెల్లి తియ్యకుంటనే
"గదే. మల్లొక్కపారి" అన్నడు.

తువ్వాల బయటికి గుంజిన.