ఎర్తింగు గుంత

గూడెప్పాడ్ కాడ
ములుగు తొవ్వ, పరకాల తొవ్వ ఇడిపోయే మూల మీద
పంక్చరు డబ్బా నాది.
మొన్న రేకు మీద సున్నంతోని రాసిన:
ఇచ్చట బండ్లకు చార్జింగు పెట్టబడును.

లైసెన్సు అడుగుతరేమోనని బుగులైంది.
నక్కలగుట్ట కరెంటాఫీసు గోడ కింద
దరఖాస్తులు రాసే సుదర్శనం సారు
అద్దాలు ముక్కు మీదికి జార్చి సదివిండు:
"లైసెన్సు అక్కర లేదు.
చట్టం లెక్కల ఇది కరెంటు అమ్ముడు కాదు, సేవ."

నవ్వొచ్చింది.
నీళ్ళ పాకెటు ఇస్తే బేరం,
టైర్ల గాలి కొడితే బేరం,
మెరుపును తీగెల పట్టుకొచ్చి బండి కడుపుల పోస్తే సేవ!
కానీ తీ. పైసలు తీసుకునే సేవ.
ఢిల్లీల ఎవలో కూసోని
నా అసొంటి డబ్బా గురించి ఒక వాక్యం రాసిండ్రు,
నా పేరు తెల్వకున్నా.

సారు కాయిదం తిప్పిండు.
మీటరు యేరే ఉండాలె.
లీకైతే టక్కున పడే బ్రేకరుండాలె.
సాకెట్టు మీద వాన పడొద్దు.
ఇంకా
"ఎర్తింగు. గది లేంది సంతకం కాదు బిడ్డా."

ఆ మాట కాడ ఆగిపోయిన.

రేగొండ అవతల మా చెలక.
తుమ్మ మొద్దుకు కొట్టిన స్టార్టరు డబ్బా.
రాత్రి రెండింటికి కరెంటు వంతు.
నాయిన తడి కాళ్ళతోనే పోయిండు.
తెల్లారినా మోటరు నడుస్తనే ఉన్నది,
మడి నిండి, గెట్టు దాటి
నీళ్ళు బండ్ల బాట మీదికొచ్చినయి.
గా నీళ్ళను చూసి ఎరుకైంది మాకు.

పంచనామాల ఒక్క మాట: ప్రమాదవశాత్తు.
లైన్‌మన్ పక్కకు పిలిచి అన్నడు:
ఒక్క తీగె, నేలల దాకా,
ఉంటే బతుకుతుండె.
గా మాట అప్పుడు ఏ కాయిదంల ఉండెనో
మాకెవలూ సదివి చెప్పలే.

ఎలక్ట్రిషన్ అంకూస్ పార పట్టుకొని వచ్చిండు.
"రెండు ఫీట్లు తవ్వితె సాలక్కా,
ఫోటోల లోతు కనబడదు."
తడి తగిలేదాక తవ్వు, అన్న.
మొరం పోయి, సుద్ద పోయి,
వాని తల మునిగే లోతుల
మన్ను పిడికిట్ల ముద్దయింది.
పైపు నిలబెట్టినం. ఉప్పొక పొర, బొగ్గొక పొర,
మామిడికాయ తొక్కుకు జాడి నింపినట్టు నేనే నింపిన.
కూలి ఎక్కువడిగిండు. ఇచ్చిన.

ఇన్‌స్పెక్టరు మీటరు పెట్టి చూసిండు.
సూది వణికి వణికి
కింద పండుకున్నది.
ఏం మాట్లాడకుంట సంతకం చేసిండు.
ఆయనకు అది రోజుకు ఆరోదో ఏడోదో.

తొలి బండి తిరుపతమ్మది, దామెర.
మిరప ఏరే కూలోళ్ళను తిప్పే ఆటో,
ఆకుపచ్చ పలక మీద పసుపు అచ్చరాలు.
అప్పుడే వాన ఎలిసింది.
చెప్పులు బురదల ఇరుక్కుంటే ఇడిసేసి
వట్టి కాళ్ళ మీద నిలబడి
ఒక చెయ్యి బండి ఇనుము మీద
ఒక చెయ్యి ప్లగ్గు మీద

నా గుండె గొంతులకొచ్చింది.

ఏం కాలేదు.

"ఎంతసేపైతదక్కా?" అన్నది.
రెండు గంటలు, చాయ తాగు, అన్న.
నా గొంతు నాకే కొత్తగ ఇనబడ్డది.
ఏం కాలేదు అన్న ముచ్చట ఎవలకు చెప్పాలె?
దానికి పంచనామా రాయరు,
పేపర్ల పడదు.

ఎండకాలం గుంత ఎండొద్దని అంకూస్ చెప్పి పోయిండు.
రోజూ మాపటీలి
పైపు మూత తీసి ఒక బకెటు పోస్త.
"గక్కడ ఏం చెట్టు పెట్టినవు?" అని
తిరుపతమ్మ కొడుకు ఒంగి చూస్తడు.
నాయినను గుంజుకున్నది ఇసొంటి తడి నేలనే.
పోరనికి ఆ ముచ్చట చెప్పలే.
నేల గుటగుట తాగుతది.
ఇంకో బకెటు అందియ్యిరా, అన్న.