బూట్ల రసీదు

ముందు బూట్లనే తిట్టుకున్నాం.
కొత్తవి, తోలు ఇంకా మెత్తబడలేదు.
అక్టోబరు ఇరవై మూడు రాత్రి
మంచం అంచున కూర్చుని వెర్నా
"అరికాళ్లలో చీమలు పాకుతున్నాయి" అంది.

పద్దెనిమిదేళ్లు డులూత్ కొండవీధుల్లో
టపా సంచీ మోసుకుంటూ ఎక్కి దిగిన మనిషి.
ఎవరి గుమ్మంలో ఏ మెట్టు వదులైందో
మంచు కింద ఉన్నా చెప్పగల పాదాలు.
బూట్లు కాక ఇంకేమనుకుంటాం?

మర్నాడు ఓడెగార్డ్ కొట్లో తిరిగిచ్చేశాను.
కౌంటరు కుర్రాడు కారణం అడిగి రసీదు మీద రాశాడు:
బిగుతు. కాళ్లు మొద్దుబారుతున్నాయట.
ఆ "ట" చూసి
నాకు చిరాకేసింది.

నాలుగో రోజుకి మోకాళ్లు.
ఆ తర్వాత చెంచా జారిపోయింది, మాట ముద్దయింది,
ఊపిరికి గొట్టం పెట్టారు.
ఒంట్లో కాపలా కాసేవాళ్లే
నరాల పైతొడుగు కొరికేస్తున్నారని డాక్టరు బొమ్మ గీసి చెప్పాడు.
కంచే చేను మేసింది, అంతే.
లక్షల్లో ఒకరికి, అన్నాడు.
ఆ ఒకరు
సీసపు గుండులా పక్క మీద పడుంది,
కళ్లు మాత్రం కిటికీ దాకా వెళ్లొస్తున్నాయి.

ఫ్లూ టీకా వేసిన పిల్ల సెలీనా
చేతికి పెంగ్విన్ బొమ్మ పట్టీ అంటించింది.
చాన్నాళ్లు ఆ మందుల షాపు వైపు పోలేదు నేను.
మాట తిరిగొచ్చాక వెర్నా అంది,
"ఆ పిల్లేం చేసింది? అందరికీ వేసినట్టే నాకూ వేసింది."

లాయరు కైసా లాహ్తినెన్‌కి
కన్నీళ్లతో పనిలేదు, తేదీలు కావాలి.
టీకా పడిన మూడో రోజు నుంచి నలభై రెండో రోజు దాకా
చట్టానికి ఒక కిటికీ ఉందట.
అందులో మొదలైందని చూపిస్తే చాలు.
ఆసుపత్రి కాగితంలో "ఇటీవల" అని ఉంది.
ఇటీవల అంటే ఎప్పుడు?
సొరుగులన్నీ బోర్లించాను.
చివరికి పాత కోటు జేబులో దొరికింది
దగ్గుబిళ్ల అతుక్కున్న రసీదు.
అక్టోబరు ఇరవై నాలుగు. మొద్దుబారుతున్నాయట.
టీకా తొమ్మిదిన.
కైసా వేళ్ల మీద లెక్కపెట్టి
మొదటిసారి నవ్వింది.

కేసు నడిచింది మూడేళ్లు.
ఆ మూడేళ్లలో వెర్నా
గోడ పట్టుకుని వంటింటి దాకా నడిచింది,
గోడ వదిలి సింకు దాకా.
తీర్పంతా రెండుసార్లు చదివాను,
తప్పు అనే మాట ఎక్కడా లేదు.
అది ఉంటుందనే వెతికాను కాబోలు.

డబ్బు ఎక్కణ్ణించి వస్తుందని అడిగితే కైసా చెప్పింది:
ఫ్లూ టీకా డోసుకి ముప్పావు డాలరు పన్ను,
అదంతా ఒక నిధిలో పడుతుంది.
ఆ రాత్రి నిద్ర పట్టలేదు.
ఎవరెవరో చొక్కా చేయి మడుస్తున్నారు,
ఏడుస్తున్న పిల్లలు, వణికే ముసలివాళ్లు,
గనివాళ్లు, వంటవాళ్లు, ఊరి పేరు తెలియనివాళ్లు,
తలా ముప్పావు డాలరు మా గుమ్మంలో పెట్టి
పేరు చెప్పకుండా పోతున్నారు.

ఉత్తరం వచ్చిన రోజు
కిటికీ దగ్గరే కూర్చుంది.
కొత్త టపా మనిషి అడుగులు వింటూ
"మూడో మెట్టు దాటేస్తున్నాడు, ఎవరో చెప్పుంటారు" అంది.
కవరు విప్పమంటే
ముందు వాడికి మంచినీళ్లిమ్మంది.

ఈ అక్టోబరులో నేను టీకా వేయించుకున్నాను.
తనకిక వద్దన్నారు, కనుక నేను వేయించుకోవాలి.
సెలీనా తల ఎత్తలేదు.
పెంగ్విన్ పట్టీ ఉందా అని అడిగాను.
ఇంటికొస్తే వెర్నా పట్టీ తడిమి
"నాకు ముప్పావు డాలరు బాకీ తీర్చావన్న మాట" అంది.

వస్తూ వస్తూ ఓడెగార్డ్‌లో ఆగాను,
అవే బూట్లు, ఒక సైజు పెద్దవి, లోపల కాలిపట్టీ పట్టాలిగా.
తొడిగి, తాళ్లు కట్టి,
ముందు భాగం బొటనవేలితో నొక్కి చూస్తుంటే
పైనించి అడిగింది,
"బిగుతుగా ఉన్నాయా?"