లెక్కకు రానివి

స్వాన్సీలో లైబ్రరీ మేడ మీద గది.
చివరి కుర్చీలో నేను, ఒళ్ళో పరిశీలన ఫారం.
అద్దాల మీద పొద్దుటి నుంచీ అదే వాన.

మోర్వెన్ టీచర్ బోర్డు మధ్య నిలువుగీత కొట్టింది.
ఇటు లెక్కపెట్టేవి: కుర్చీ, గుడ్డు, బస్సు.
అటు లెక్కకు రానివి: ఉప్పు, ఇసుక, నీళ్ళు.
"వన్ వాటర్, టూ వాటర్ అనకూడదు."

షిలాన్ రాసుకుంది.
థుయ్ పెన్ను మూత కొరుకుతోంది.
దాటిపోతున్న బస్సుని ఆపేవాడిలా
చెయ్యెత్తాడు హబ్తోమ్.

"టీచర్, ఎడారిలో, లారీ మీద, మేం లెక్కపెట్టాం.
పొద్దున ఒక మూత. రాత్రి ఒక మూత.
మూడోరోజు సగం."

రేడియేటర్ టిక్కుమంది.
తుడుపుగుడ్డ ఎత్తి, మళ్ళీ దించేసింది టీచర్.
మెల్లగా రాసింది: ఎ క్యాప్ ఆఫ్ వాటర్.
"ఇలా అంటే కరెక్టే," గొంతు సవరించుకుంది.
అతను నోట్‌బుక్‌లోకి దింపుకున్నాడు,
స్పెల్లింగ్ రెండుసార్లు సరిచూసుకుని.

'విద్యార్థుల పొరపాట్లు' అన్న గడి దగ్గర
నా పెన్ను ఆగిపోయింది.
మా తెలుగులో నీళ్ళెప్పుడూ బహువచనమే.
ఎందుకని ఇన్నేళ్ళలో ఎవర్నీ అడగలేదు.

బ్రేక్‌లో థుయ్ కెటిల్ పట్టుకుని
వేళ్ళతో మమ్మల్ని లెక్కపెట్టింది.
"ఫైవ్ టీస్?"
ఎవరూ దిద్దలేదు.