సున్నాల పుస్తకం

జనవరి నుంచీ సున్నాలే చుడుతున్నాను.
న్యాంకొరో ఇల్లు: సున్నా.
తెనింబా ఇల్లు: సున్నా.
మేకల దొడ్డి పక్క ఖాళీ గది: సున్నా, ఒక బల్లి.
బల్లికి పుస్తకంలో గడి లేదు. అయినా రాశాను.

నోట్లో గొట్టం, చేతిలో టార్చి,
గడ్డి కప్పు కింద మెడ విరుచుకుని
ఒక్కో దోమనీ ఊపిరితో లాగి పట్టడం నా పని.
బమాకో వాళ్ళు నెలకిన్ని ఫ్రాంకులిస్తారు.
ఊళ్ళో నా పేరు దోమలు తాగేవాడు.

ఏప్రిల్లో మడుగు అడుగు
గాడిద డెక్కల కింద పెంకులా మోగుతుంది.
ఈ ఎండకి గుడ్డు మిగలదు, పురుగు మిగలదు,
డాక్టరమ్మ కాదియా బల్ల గుద్ది చెప్పింది.
మరి తొలి వాన పడ్డ నాలుగో పొద్దుకే
ఇంతింత ముదురువి గోడల మీద ఎక్కడివి?
అప్పుడు బల్ల గుద్దలేదు.
అందుకే పోయిన అక్టోబరులో
పట్టినవాటికి రంగు చుక్క పెట్టి వదిలాం.
నీలం. ఆవగింజలో పదోవంతు.

అక్టోబరంటే మాకు
గాదె నిండేలోపు మంచం నిండే నెల.
తెనింబా చిన్నోడు మోరిబా
మధ్యాహ్నం వణికాడు, సాయంత్రం ఆడాడు.
రోజు విడిచి మళ్ళీ వణికాడు.
మూడో వణుకు తర్వాత ఆట లేదు.
ఆ వారం ఆమె ఇంట్లో నా లెక్క
నూట పదకొండు.
అన్నిటికీ చుక్కలు పెట్టి
ఆ వాకిట్లోంచే బయటికి ఊదాను.
చేతులారా కాదు. నోటితోనే.

మే నెలాఖరున గాలి ముందు ఎర్రగా వచ్చింది,
వెనకాల నల్లగా.
మడుగులో కప్పలు ఎవరో పిలిచినట్టు లేచాయి.
నాలుగో పొద్దున తెనింబా గడపలో నిలబడితే
"రా, సున్నాలోడా" అంది,
సజ్జలు దంచడం ఆపకుండా.

కప్పు కింద టార్చి వేశాను.
ఒకటి.
తల కిందికి, తోక పైకి, ఏటవాలుగా.
వీపు మీద నీలం.
వెలిసింది గానీ, నీలమే.

ఏడు నెలలు ఎక్కడున్నావే?
ఏ పుట్ట పగులులో, ఏ చెట్టు తొర్రలో
ఆకలిని మడిచి పక్కన పెట్టుకుని,
మా కంటే ఓపిగ్గా వానకోసం?
కాదియా వింటే కుర్చీలోంచి లేచి గంతేస్తుంది.
ఆమె ఏళ్ళ తరబడి అడుగుతున్న ప్రశ్న
నా గొట్టం చివర కాళ్ళాడిస్తోంది.

వెనక రోకలి చప్పుడు ఆగింది.
"ఏమైనా ఉందా?"

లోపలికి లాగి పట్టిన ఊపిరి.
తెనింబాకి మాట చెప్పాలంటే
ముందు దాన్ని వదలాలి.